నేను గాలం నేర్పినవాడు నన్ను ట్రౌట్ వేటకు రమ్మంటున్నాడు

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. భీమవరం దగ్గర పల్లెటూరు. ఎనిమిదెకరాల రొయ్యల చెరువులు చూసుకుంటాను. నా చిన్ననాటి స్నేహితుడు 1989లో అమెరికా వెళ్ళి డెన్వర్‌లో స్థిరపడ్డాడు. చిన్నప్పుడు వాడికి కాలువ గట్టున గాలం వేయడం నేర్పింది నేనే. ఇప్పుడు వాడు అక్కడి కొండ ఏళ్ళలో ట్రౌట్ అనే చేప కోసం ఫ్లై ఫిషింగ్ చేస్తాడు. ఈ అక్టోబరులో వస్తున్నాడు. ఇద్దరమే హిమాచల్‌లో తీర్థన్ నదికి నాలుగు రోజులు వెళ్దాం, ఖర్చంతా నాదే అంటున్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులు. పైగా పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట, అదేం వేటో నాకు అర్థం కాలేదు. అసలు సంగతి ఇంకోటుంది. 2021 మే నెలలో వాళ్ళమ్మగారు పోయారు. కోవిడ్ రోజులు, వాడు రాలేకపోయాడు. తలకొరివి నేనే పెట్టాను. వాడు ఫోన్‌లో వీడియో చూస్తుంటే మధ్యలో సిగ్నల్ పోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. రొయ్యల రేటు దగ్గర్నుంచి అన్నీ మాట్లాడుకుంటాం గానీ, ఆ రోజు సంగతి వాడెత్తడు, నేనెత్తను. ఆవిడ కళ్ళజోడు నా బీరువాలోనే ఉంది. నాలుగు రోజులు ఇద్దరమే ఉంటే ఏం మాట్లాడాలా అని టెన్షన్‌గా ఉంది. వెళ్ళమంటారా?

— పేరు రాయవద్దన్న పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అన్నగారూ,

వెళ్ళండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, వెళ్ళొద్దనడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. ఎలా వెళ్ళాలి, ఏం నేర్చుకుని వెళ్ళాలి, అక్కడ ఏం మాట్లాడాలి, ఇవే మిగిలిన ప్రశ్నలు. మాది రాజోలు వైపు. గాలానికి వానపామును గుచ్చి, బెండు మీద చూపు పెట్టి, బడి ఎగ్గొట్టిన చిన్నతనమే నాది కూడా. ఫ్లై ఫిషింగ్ మాత్రం యాభై దాటాక ఒక స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాను. తీర్థన్‌కు మూడుసార్లు వెళ్ళాను. అందుకే కాస్త ధైర్యంగా చెబుతున్నాను.

ముందు ఆ చేప సంగతి. ట్రౌట్ మన నీళ్ళలో ఎందుకు బతకదో రొయ్యల రైతుకు చెప్పడం చాలా తేలిక. తెల్లవారుజామున మూడింటికి డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయిందని లేచి, పరుగున వెళ్ళి నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు వేయించిన రాత్రులు మీకు ఎన్నో ఉండి ఉంటాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ను నిలుపుకోలేవు. సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల మంచినీళ్ళు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతాయి. అవే నీళ్ళు 10 డిగ్రీలకు చల్లబడితే 11 దాకా పట్టుకుంటాయి. కొండల మీదికి వెళ్ళేకొద్దీ ఇది కొంత తగ్గుతుంది గానీ, చల్లదనం ఆ లోటు తీర్చేస్తుంది. ట్రౌట్ ఆ చల్లటి నీళ్ళ చేప. 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మంచు కరిగి, రాళ్ళకు కొట్టుకుంటూ నురగలతో దిగే ఏరు దానికి రాత్రింబవళ్ళు ఆగని ఏరియేటర్.

అది మన దేశపు చేప కూడా కాదు. తీర్థన్‌లో మీకు ఎక్కువగా తగిలేది బ్రౌన్ ట్రౌట్. దాని గుడ్లను 1899లో బ్రిటన్ నుంచి కాశ్మీరుకు పంపితే దారిలోనే పాడైపోయాయి. 1900లో మళ్ళీ పంపినవి బతికాయి. అక్కడినుంచి 1909లో కులూ ప్రాంతానికి చేరాయి. సరిగ్గా నూరేళ్ళ తర్వాత, 2009లో, మన చెరువుల్లో వనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చింది. అదీ ఎక్కడో పసిఫిక్ ఒడ్డున పుట్టిన రొయ్యే. పరాయి నీటి ప్రాణిని తెచ్చి మన నీటిలో నిలబెట్టడం అంటే ఎంత కష్టమో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ట్రౌట్ గురించి నాకేం తెలుసులే అన్న బెరుకు మీ ఉత్తరంలో అక్కడక్కడా కనిపించింది. నీటి గురించి మీకు తెలిసినంత అక్కడికి వచ్చే చాలామందికి తెలియదు.

ఇక వేట. మన గాలంలో బరువంతా ఎర దగ్గరుంటుంది. సీసం, ఎర, కొక్కెం కలిపి విసిరితే అవి దారాన్ని లాక్కుపోతాయి. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన బొమ్మ. ఊదితే ఎగిరిపోతుంది. బరువంతా లైనుదే. పైన పూత ఉండి కాస్త లావుగా ఉండే ఆ లైను, గాలిలో వెనక్కి సాగి, ముందుకు సాగి, చివరన ఉన్న ఈకను నీటిమీద వాల్చుతుంది. లైనుకూ ఫ్లైకీ మధ్య కొసకు పోయేకొద్దీ సన్నబడే నైలాన్ దారం ఒకటి కడతారు, దాన్ని లీడర్ అంటారు. ట్రౌట్‌కు మామూలుగా వాడేది 9 అడుగుల రాడ్, 5వ నంబరు లైను. మీ స్నేహితుడి దగ్గర ఇవి రెండు జతలైనా ఉంటాయి. ఇక్కడికి వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఒక రాడ్ ముందే పంపమనండి. లేకపోతే ఆన్‌లైన్‌లో చవకది కొనుక్కున్నా నేర్చుకోవడానికి సరిపోతుంది.

మీ చేతికున్న అలవాటే ఇక్కడ అడ్డొస్తుంది, దానికి సిద్ధపడండి. గాలం వేసిన చెయ్యి విసరాలని చూస్తుంది. ఫ్లై రాడ్‌ను విసరకూడదు. మీ పక్కన ఒక పెద్ద గడియారం ఉందనుకోండి. రాడ్ కొస 10 అంకె దగ్గర నుంచి లేచి, 1 అంకె దగ్గర టక్కున ఆగాలి. ఆగాక, లైను వెనక గాలిలో పూర్తిగా సాగేదాకా మీరు కదలకూడదు. తొందరపడి ముందుకు తెస్తే కొరడా ఝళిపించినట్టు చప్పుడొస్తుంది, ఫ్లై తెగి ఎగిరిపోతుంది. మరీ ఎక్కువ ఆగితే లైను వెనక గడ్డిలో పడుతుంది. ఆ ఆగడం ఎంతసేపో పుస్తకం చెప్పలేదు, మీ మణికట్టుకు తెలియాలి. వెనక లైను బిగిసినప్పుడు రాడ్‌ను ఎవరో మెల్లగా లాగినట్టు ఉంటుంది. అప్పుడు ముందుకు తీసుకురావాలి. మన రేవుల్లో విసురు వల వేసేవాళ్ళను చూడండి. బలమున్న కుర్రాడు వేస్తే వల ముద్దగా పడుతుంది, బక్కపలచని ముసలాయన వేస్తే పళ్ళెంలా విచ్చుకుంటుంది. ఆయనకు ఎప్పుడు వదలాలో తెలుసు. ఇదీ అంతే.

ఈ సాధన మాత్రం చెరువు గట్టున చేయకండి. దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. ఫ్లై రాడ్లు చాలావరకు కార్బన్‌తో చేస్తారు, కార్బన్‌లో కరెంటు పాకుతుంది. ఏరియేటర్లకు లాగిన వైర్లు, పిట్టలు రాకుండా కట్టిన దారాలు, వీటి మధ్య 9 అడుగుల రాడ్ ఊపడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు కూడా అంతే. పొద్దున్నే మీ ఊరి హైస్కూలు గ్రౌండుకు వెళ్ళండి. కొక్కెం లేకుండా, దారం కొసకు ఎర్ర ఊలు ముక్క కట్టండి. పది గజాల దూరంలో ఒక తువ్వాలు పరిచి, ఊలు దానిమీద వాలేలా చూసుకోండి. రోజూ పావుగంట చాలు. గంటసేపు చేస్తే భుజం నొప్పి తప్ప ఇంకేమీ రాదు. మూడు వారాల్లో పది గజాలు వచ్చేస్తుంది. తీర్థన్‌లో అంతకు మించి దూరం వేయాల్సిన అవసరం పెద్దగా రాదు.

భీమవరం వైపువారు గనక ఇంకో మాట. నీటిమీద తేలే ఫ్లైకి కాళ్ళలా చుట్టూ నిలబడే వెంట్రుకలు ఏమిటనుకున్నారు? కోడిపుంజు మెడ ఈకలు. పెట్ట ఈక మెత్తన, నీళ్ళు పీల్చి మునిగిపోతుంది. పుంజు ఈక బిరుసు, దానిమీద ఫ్లై తేలుతుంది. ఒకప్పుడు విదేశాల్లో ఫ్లైలు కట్టేవాళ్ళు మన దేశపు పుంజుల మెడ ఈకలను కోరి కొనేవారు, వాటిని ఇండియన్ నెక్ అనేవారు. మీ దొడ్లో డేగ పుంజో కాకి పుంజో తిరుగుతూ ఉంటే, రాలిన మెడ ఈకలు ఏరి ఒక కాగితం పొట్లంలో దాచండి. మీ స్నేహితుడు ఫ్లైలు సొంతంగా కట్టుకునేవాడైతే, మీరు తీసుకెళ్ళే బహుమతుల్లో ఆయన కళ్ళు మెరిసేది ఆ పొట్లం చూసినప్పుడే. మన ఊరి పుంజు ఈకతో కట్టిన ఫ్లైకి హిమాలయాల్లో చేప పడితే ఆ సంతోషమే వేరు. నాకు ఒక్కసారి ఆ అదృష్టం దక్కింది.

అక్టోబరు అని ఆయన ఊరికే అనలేదు. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా ట్రౌట్ వేటకు నిషేధం. అవి గుడ్లు పెట్టే కాలం అది. మన సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపుతారే, అలాగే. జూలై, ఆగస్టుల్లో వానలకు ఏరు బురదగా ఉంటుంది. అక్టోబరుకు తేరుకుని అద్దంలా ఉంటుంది, చలి కూడా ఇంకా ముదరదు. మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. ఎన్ని చేపలు, ఎంత సైజు అన్న నిబంధనలు లైసెన్సు ఇచ్చేటప్పుడే చెబుతారు, వాటిని అడిగి తెలుసుకుని పాటించండి. ఢిల్లీలో సాయంత్రం మనాలి బస్సెక్కితే తెల్లారేసరికి ఔట్ అనే చోట, సొరంగం ముందు దిగిపోవచ్చు. అక్కడినుంచి బంజార్ మీదుగా గుషైనీ వెళ్ళాలి. ఆ లోయ పైభాగం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ ఏటిమీద కరెంటు ప్రాజెక్టులు వద్దని అక్కడివాళ్ళు పట్టుబట్టి ఆపుకున్నారు. అందుకే ఇవాళ్టికీ అది ఏరులా పారుతోంది. ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే మన డెల్టాయే లేదు, నేను దానికి రుణపడి ఉన్నవాణ్ణే. అయినా ఆ నీటి ఒడ్డున నిలబడినప్పుడు, ఎక్కడా కట్టేయని ఏరు ఎలా ఉంటుందో చూశాను కదా అనిపించింది.

మీ మోకాళ్ళ గురించి. ఫొటోల్లో నడుం లోతు నీళ్ళలో నిలబడి వేటాడేవాళ్ళను చూసి భయపడి ఉంటారు. మీకు అంత లోతు అక్కర్లేదు. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, ఏదో ఒక బండరాయి చాటున నిలబడి, పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తుంటుంది. ఒడ్డుకు నాలుగడుగుల దూరంలో కూడా నిలబడుతుంది. కాబట్టి దిగువ నుంచి ఎగువకు, దాని వెనకవైపు నుంచి మెల్లగా నడవాలి. ఒడ్డు మీది నుంచో, పిక్కల లోతు నీటిలోంచో వేస్తే చాలు. మోకాలు దాటి దిగనని మీకు మీరే ఒట్టు పెట్టుకోండి. ఏరు దాటొద్దు. మనం బురదలో నడిచి పెరిగినవాళ్ళం. కాలు వేయగానే దిగబడుతుందని మన పాదానికి అలవాటు. అక్కడ గుండ్రాళ్ళ మీద పాకుడు, కాలు వేయగానే జారుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండో రోజు పొద్దున్నే నేను అలాగే పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది. అడుగున ఫెల్ట్ అనే మందపాటి గుడ్డ అంటించిన బూట్లు అడగండి, చేతిలో భుజం ఎత్తు వెదురు కర్ర ఒకటి ఉంచుకోండి. వెళ్ళేముందు మీ డాక్టరుగారిని ఒకసారి కలవండి, మందులు నాలుగు రోజులకు కాదు, వారానికి సరిపడా పెట్టుకోండి. ఇంకో సుఖం ఏమిటంటే, పులస పడవల్లా చీకటితో బయల్దేరక్కర్లేదు. అక్టోబరులో పొద్దున నీళ్ళు మరీ చల్లగా ఉండి చేప మందంగా ఉంటుంది. ఎండ పడ్డాక, పదకొండు నుంచి మూడు దాకా బాగా తిరుగుతుంది. హాయిగా టిఫిను చేసి వెళ్ళొచ్చు.

పట్టి వదిలేయడం గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే గడ్డ మనది. చేప అంటే పులుసు. పట్టింది వదిలేస్తే ఇంటికెళ్ళి ఏం చెబుతాం? నేను కూడా మొదట్లో మీలాగే అడిగాను. పట్టి వదిలేయడం పుణ్యమని నేను చెప్పను. చేపకు అలుపూ ఉంటుంది, గాయమూ ఉంటుంది. కానీ ఆ చల్లటి నీళ్ళలో మేత తక్కువ, ఎదుగుదల నెమ్మది. మన చెరువులో శీలావతి ఏడాదిలో కిలో తూగుతుంది. అక్కడ అడవి ట్రౌట్ అరచేతి పొడవు దాటడానికే చాలాకాలం పడుతుంది. వచ్చినవాళ్ళందరూ వండుకు తింటే ఆ ఏరు రెండు మూడేళ్ళలో ఖాళీ. తినాలనిపిస్తే ఆ చుట్టుపక్కల ఫారాల్లో పెంచిన ట్రౌట్ దొరుకుతుంది, రాత్రికి బస చేసినచోట వండించుకోండి. ముళ్ళు తక్కువ, మాంసం మెత్తన. మన పులుసుకు నిలబడే చేప కాదు, వేపుడే బాగుంటుంది.

వదిలేటప్పుడు సరిగ్గా వదలాలి. వెనక ముల్లు లేని కొక్కెం వాడమనండి, లేదా ఉన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. చేపను ముట్టుకునేముందు చెయ్యి తడుపుకోండి. పొడి చెయ్యి తగిలితే దాని ఒంటిమీది జిగురు పొర లేచిపోతుంది, తర్వాత రోగం పట్టుకుంటుంది. ఈ సంగతి చేపలు, రొయ్యలు పెంచేవారికి వేరే చెప్పాలా! వీలైతే నీళ్ళలోంచి పైకి తీయకుండానే కొక్కెం తప్పించండి. మొదటి చేప మీ చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం దాన్ని చూడండి. ఒళ్ళంతా పాత ఇత్తడి రంగు, వీపు మీద నల్లటి చుక్కలు, పక్కల్లో ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ ఎవరో పిండితో గీసినట్టు పాలిపోయిన సున్నా. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, పొట్ట కింద చెయ్యి ఊరికే ఆనించి ఉంచండి. మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. కాసేపటికి తోక మీ వేళ్ళకు ఒకసారి తగులుతుంది, అంతే, చెయ్యి ఖాళీ. నేను ఆ ఖాళీ చేతిని నీళ్ళలో అలాగే ఉంచుకుని చాలాసేపు కూర్చున్నాను. పట్టిన చేపను ఇంటికి తెచ్చిన ఏ రోజూ నాకు అలా అనిపించలేదు. మీకూ అలాగే అనిపించాలని లేదు. ఒకసారి చూడండి.

ఖర్చు గురించి పెద్దగా ఆలోచించకండి. ఆయన్ని పెట్టుకోనివ్వండి. ఢిల్లీ దాకా టికెట్లు మీరు తీయండి. ఆవకాయ, కంది పొడి, నెయ్యి, ఆత్రేయపురం పూతరేకులు మీ వంతు. వీటిని లెక్కగట్టే స్నేహం కాదు మీది.

నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచిన వాక్యం, "వాడికి గాలం వేయడం నేర్పింది నేనే" అన్నది. ఇప్పుడు ఆయన నేర్పుతాడు, మీరు నేర్చుకోవాలి. మొదటి రోజు మీ లైను చెట్టుకు చిక్కుకుంటుంది, ఆయన వచ్చి తీస్తాడు. మీరు ఒకటికి పదిసార్లు ఆయన్ని పిలవాల్సి వస్తుంది. పిలవండి. మొహమాటపడి మీలో మీరు కుస్తీ పట్టకండి. ముప్పై అయిదేళ్ళుగా దూరంలో ఉన్న మనిషికి, మీకు ఏదో ఒకటి చేసే అవకాశం రావడం మామూలు విషయం కాదు. ఆ రోజు మీరు ఆయన స్థానంలో నిలబడ్డారు. ఆయన మీకోసం చేయగలిగింది ఈ నాలుగేళ్ళలో ఏమీ దొరికి ఉండదు. ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నాడో, ఖర్చంతా నాదే అని ఎందుకు పట్టుబడుతున్నాడో నాకు అందులోనే కనిపిస్తోంది.

నా సంగతి ఒకటి చెబుతాను. నాకు ఫ్లై ఫిషింగ్ నేర్పిన స్నేహితుడికీ నాకూ ఊళ్ళో సరిహద్దు గట్టు విషయంలో మాట పట్టింపు వచ్చి మూడేళ్ళు మాటల్లేవు. మధ్యవాళ్ళు కలిపితే ఇద్దరం మొహం చూసుకోకుండానే తీర్థన్ బయల్దేరాం. రెండో రోజు మధ్యాహ్నం నా లీడర్ చిక్కుపడిపోయింది. వెంట్రుకలాంటి దారం, లెక్కలేనన్ని ముడులు. తెంచేసి కొత్తది కట్టడం నిమిషం పని. వాడు తెంచలేదు. రాయిమీద కూర్చుని, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని, దారాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కో ముడీ గోటితో వదులు చేయడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఎదురుగా కూర్చుని నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. గట్టు పంచాయితీలో నామీదికి చాచిన వేళ్ళే అవి. దారం నా చేతిలో పెట్టి, "మీ నాన్నకు చూపు ఎలా ఉంది ఇప్పుడు?" అన్నాడు. మూడేళ్ళ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. గట్టు సంగతి ఆ తర్వాత ఎప్పుడూ మా మధ్య రాలేదు, రావాల్సిన అవసరం కనబడలేదు.

మీ విషయం అలా వదిలేయదగింది కాదు. గట్టు గొడవ మరిచిపోవచ్చు. తల్లి పోయిన రోజును ఎవరూ మరిచిపోరు. ఆయన అడగకపోవడానికి కారణం పట్టింపు లేక కాదు. రాలేకపోయాను అన్న సిగ్గు, అడిగితే నువ్వెందుకు రాలేదని మీరు అంటారేమోనన్న భయం, రెండూ ఉంటాయి. మీరు చెప్పకపోవడానికి కారణం ఆయన బాధపడతాడని. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ నాలుగేళ్ళు గడిపారు. ఈలోగా ఆయన మనసులో ఆ రోజు, సిగ్నల్ పోయిన చోటే ఆగిపోయి ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకు తెలియదు. మీ ఒక్కరికే తెలుసు.

కాబట్టి మీరే మొదలుపెట్టండి. ఏటి ఒడ్డున వద్దు. అక్కడ ఇద్దరూ చెరో మలుపు దగ్గర ఉంటారు, నీటి హోరులో మాట వినపడదు, ఆయన దృష్టి చేపమీద ఉంటుంది. మొదటి రోజు రాత్రి కూడా వద్దు. రెండో రోజో మూడో రోజో, అన్నాలు తిన్నాక, చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు ఒక్క మాట అనండి: "ఒరేయ్, ఆ రోజు ఫోన్ కట్టయ్యాక ఏం జరిగిందో నీకు చెప్పలేదు. చెప్పమంటావా?" వద్దంటే ఆగిపోండి, ఇంకోసారి అడుగుతాడు. చెప్పమంటే వరసగా చెప్పండి. ఓదార్పు మాటలు కలపకండి. అమ్మ నిన్నే తలుచుకుంది లాంటివి నిజం కాకపోతే అనకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. ముందురోజు ఆవిడ ఏం తిన్నారు, ఎవరెవరు మోశారు, ఏ చీర కట్టారు, అస్థికలు ఏ రేవులో కలిపారు, ఇంటికొచ్చి మీరు ఏం చేశారు. మీకు ఏడుపొస్తే ఆపుకోకండి. మీరు కూడా ఆ రోజు గురించి ఇంతవరకు ఎవరితోనూ పూర్తిగా మాట్లాడలేదని మీ ఉత్తరం చూస్తే నాకు అనిపించింది.

కళ్ళజోడు హిమాచల్ తీసుకెళ్ళకండి. తిరిగొచ్చాక, ఆయన విమానం ఎక్కేలోపు, మీ ఊరి కాలువ గట్టుమీద ఒక సాయంత్రం కూర్చోండి. అప్పటికి చెరో వెదురు గాలం సిద్ధం చేసి ఉంచండి, వానపాములు మీరే తవ్వండి. అక్కడ పట్టిన చేపను వదలక్కర్లేదు, పులుసు పెట్టించండి. భోజనాలయ్యాక ఆయన్ని మీ గదిలోకి తీసుకెళ్ళి, బీరువా తాళంచెవి ఆయన చేతికివ్వండి. ఏ అరలో ఉందో చెప్పి, మీరు బయటికొచ్చి వరండాలో కూర్చోండి.